ఒళ్ళు చేసిన ఖర్చు

నెల్లూరు నుంచి ఒక సోదరి కాస్త కోపంగానే ఉత్తరం రాశారు. "లావు వల్ల దేశానికి నష్టం అని ఆమధ్య మీరు ఒక మాట రాశారు. ఒకరు లావుగా ఉంటే అది వాళ్ళ ఇంటి సంగతి. జాకెట్టుకు ఇంకో పావు మీటరు గుడ్డ పడుతుంది, అంతేగా! దేశం సొమ్ము ఏం పోయింది? ఇలాంటి మాటలు లావుగా ఉన్న ఆడవాళ్ళను నలుగురిలో చిన్నబుచ్చడానికి తప్ప ఎందుకు పనికొస్తాయి?" అని.

ఆ సోదరి అడిగినదాంట్లో సగం న్యాయం ఉంది. మనిషి ఆకారాన్ని చూసి నవ్వడం కుసంస్కారం. అందులో నేను ఆమె పక్షమే. మిగతా సగానికి మాత్రం జవాబు చెప్పుకోవాలి. పెద్ద పుస్తకాల జోలికి వెళ్ళే ముందు మా మరదలి పద్దుల పుస్తకం తెరుస్తాను. వాళ్ళ నడిగే రాస్తున్నాను సుమా!

మా తమ్ముడికి విజయవాడ ఆటోనగర్‌లో చిన్న లేతు షాపు ఉంది. పెళ్ళినాటికి వెదురు బద్దలా ఉండేవాడు. షాపు నిలదొక్కుకుంది. మధ్యాహ్నం క్యారియరు, సాయంత్రం నాలుగింటికి మిరపకాయ బజ్జీలు, రాత్రి పదింటికి మళ్ళీ భోజనం. ముప్ఫై అయిదు దాటేసరికి చొక్కా గుండీలు పట్టడం మానేశాయి. సంక్రాంతికి మా ఇంటికి వస్తే అందరం సంతోషించాం. "ఇప్పుడు షాపు యజమానిలా ఉన్నావురా, కాస్త ఒళ్ళు చేశావు" అన్నది ఎవరో కాదు, నేనే. అరిసెల మీద ఇంకో చెంచా నెయ్యి వేసిందీ నేనే.

ముప్ఫై ఎనిమిదో ఏట షుగరు ఉందన్నారు. మాత్రలు నాలుగు రోజులు వేసుకుని, ఒంట్లో బాగానే ఉందని మానేశాడు. 2019లో చెప్పులోంచి ఇనుప రజను కాలి బొటనవేలికి గుచ్చుకుంది. వాడికి తెలియనే లేదు. ఏళ్ళ తరబడి షుగరు అదుపు తప్పితే పాదాల్లో స్పర్శ పోతుందని మాకెవరికీ తెలియదు. తెలిసేసరికి పుండు ముదిరి, రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది.

మా మరదలు పద్దులు రాయడంలో గట్టి మనిషి. ఎడమ పేజీలో వంటింటి ఖర్చు, కుడి పేజీలో తక్కినవి. పాత పుస్తకాల్లో ఎడమ పేజీ నిండుగా ఉంటుంది: నూనె, పంచదార, నెయ్యి, మైదా. కుడి పేజీలో మందుల పద్దు ఎప్పుడో ఒకసారి, అదీ తలనొప్పి మాత్రలు. 2019 పుస్తకంలో కుడి పేజీ చాలక అంచుల్లో కూడా రాసింది. మాత్రలు, రక్తపరీక్షలు, కట్లు, ఆటో బాడుగలు, ఆ కింద ఒకే ఒక్క ముక్క: "గొలుసు తాకట్టు."

ఆ పుస్తకంలోకి ఎక్కని పద్దులు ఇంకా ఉన్నాయి. నాలుగు నెలలు లేతు తిరగలేదు. ఆ షాపులో పనిచేసే కుర్రాళ్ళిద్దరూ వేరేచోట చేరిపోయారు. అక్కడ తయారు కావలసిన లారీ సామాను తయారు కాలేదు. దాని కోసం ఎదురుచూసిన లారీ రోడ్డెక్కలేదు. మా మేనకోడలికి విశాఖపట్నంలో ఇంజనీరింగు సీటు వచ్చింది. "నాన్నను ఈ స్థితిలో వదిలి ఎలా వెళ్ళను అత్తయ్యా?" అని ఊళ్ళోనే డిగ్రీలో చేరింది. మా తమ్ముడి నడుము కొలతకూ, ఆ పిల్ల చదువుకూ సంబంధం ఉందని సంక్రాంతినాడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాళ్ళం.

నెల్లూరు సోదరి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. దేశమంటే ఇలాంటి ఇళ్ళూ, ఇలాంటి షాపులే కదా! ఆర్థిక శాస్త్రజ్ఞులు కూడా మా మరదలిలాగే రెండు పేజీలు రాస్తారు. ఒక పేజీలో డాక్టరు, మందులు, ఆస్పత్రి. రెండో పేజీలో జబ్బువల్ల పోయిన పనిదినాలు, పనికి వచ్చినా సరిగా చెయ్యలేకపోయిన రోజులు, రోగి పక్కన కూర్చున్నవారి కాలం, అకాల మరణాలు. మన దేశంతో సహా ఎనిమిది దేశాలకు ఇలా లెక్క వేసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. 2019లో ఆ ఎనిమిది దేశాల జాతీయోత్పత్తిలో సగటున నూటికి 1.8 వంతులు స్థూలకాయం మింగేసిందని తేలింది. సౌదీ అరేబియాలో అది 2.4. మన దేశంలో 0.8. నూటికి ఒక రూపాయి కూడా కాదే అనుకోకండి. జాతీయోత్పత్తి మొత్తంలో నూరు రూపాయలకు ఎనభై పైసలన్నమాట!

ఆ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. స్థూలకాయం వల్ల ఆస్ట్రేలియాలో తలకు 940 డాలర్లు నష్టం కాగా, మన దేశంలో తలకు 17 డాలర్లే. ఇది చూసి మురిసిపోవడానికి లేదు. మన ఆదాయాలు చిన్నవి, మన కూలి చిన్నది. పైగా వైద్యం చేయించుకుంటేనే కదా ఖర్చు రాసుకునేది! మాత్రలు మానేసిన రోజుల్లో మా తమ్ముడి పద్దు కూడా చిన్నగానే ఉంది.

ఇంతకీ ఇలాంటివాళ్ళు ఎందరు? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి 24 మంది, పురుషుల్లో నూటికి దాదాపు 23 మంది ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నవారు. మన తెలుగునాట ఇంకా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు నూటికి 36 మంది, పురుషులు 31 మంది. తెలంగాణలో స్త్రీలు 30, పురుషులు 32. ఇది పట్నాల జబ్బు అనుకోవడమూ పొరపాటే. దేశంలోని పల్లెటూరి స్త్రీలలో కూడా నూటికి దాదాపు 20 మంది ఈ లెక్కలోకి వస్తారు.

అదే సర్వేలో, అదే వయసు స్త్రీలలో నూటికి దాదాపు 19 మంది ఉండవలసినదానికన్నా బక్కచిక్కి ఉన్నారు. అయిదేళ్ళ లోపు పిల్లల్లో మూడోవంతుకు పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంటే చాలని తిండి బాధ తీరకుండానే, ఎక్కువైన తిండి బాధ వచ్చి పడింది. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంట్లో రెండూ కనిపిస్తాయి.

ఒంటిమీద ఎక్కడ కొవ్వు చేరినా ఒకటే కాదు. పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరిన కొవ్వు ఊరికే కూర్చోదు. దానివల్ల ఒంట్లోని కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది. రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఆ వెనుకే వస్తాయి. బరువంతా మోసే మోకాళ్ళు అరిగిపోతాయి. పదమూడు రకాల క్యాన్సర్లకు స్థూలకాయంతో సంబంధం ఉందని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఇక మన దేశంలో షుగరు జబ్బు ఉన్నవారు 10 కోట్ల మందికి పైగా ఉన్నారనీ, దాని గడపలో నిలబడ్డవారు మరో 13 కోట్లకు పైగా ఉన్నారనీ భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా కట్టింది.

"మేము అంత లావు కాదులెండి" అనేవారికి ఒక మాట. మనవాళ్ళ శరీరతత్వం కొంచెం వేరు. పూణే దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండులో పుట్టిన పిల్లలతో పోల్చి డాక్టర్ యాజ్ఞిక్, ఆయన సహచరులు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. మన పిల్లలు బరువు తక్కువ, కండ తక్కువ. కాని ఒంట్లో కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. పైకి సన్నం, లోపల కొవ్వు. అందుకే మనకు తక్కువ బరువులోనే షుగరు వస్తుంది. కాబట్టి తూకం ఒక్కటే చాలదు, టేపు కూడా పట్టుకోవాలి. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమని మన వైద్యులు చెబుతారు. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి, బొజ్జ ఒక్కటే ముందుకు వచ్చినవారు ఈ వాక్యం రెండోసారి చదువుకోండి.

మరి ఇంత తెలిసీ "ఒళ్ళు చేశావు" అని ఎందుకు మురిసిపోతాం? దానికి కారణం మన పెద్దల ఆకలి. 1876లో మొదలైన ధాత కరువు కథలు రాయలసీమ ఇళ్ళల్లో తరాల తరబడి చెప్పుకున్నారు. కరువు చూసిన మనిషికి నిండైన బుగ్గ కన్నా అందమైనది ఏముంటుంది? "చిక్కిపోయావేమమ్మా!" అన్న పలకరింపులో ఎంత ఆపేక్ష ఉందో, అంత భయమూ ఉంది. ఆ ఆపేక్ష మంచిదే. కాని ఆ భయానికి కాలం కొంత మారింది.

ఎంత మారిందో హైదరాబాదులోనే చూడవచ్చు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి అనే జబ్బు సంగతి తేల్చడానికి పుట్టింది. తిండిలో సారం చాలక వచ్చే జబ్బు అది. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు వచ్చింది. దశాబ్దాల తరబడి దాని పని అంతా లేమి గురించే: చాలని మాంసకృత్తులు, చాలని విటమిన్లు, చాలని ఇనుము. అదే సంస్థ 2024లో ప్రచురించిన ఆహార సూత్రాల్లో నూనె తగ్గించండి, పంచదార తగ్గించండి, బొజ్జ పెరగనివ్వకండి అని చెప్పవలసి వచ్చింది. దేశంలోని మొత్తం రోగభారంలో నూటికి 56 వంతులకు పైగా సరికాని తిండివల్లనే అని కూడా అందులో రాసింది. లేమి గురించి చెప్పడం ఆ సంస్థ మానలేదు. ఎక్కువ గురించి కూడా చెప్పవలసి వస్తోంది.

ఇప్పుడు నూనె డబ్బా సంగతి చూద్దాం. ఇందులో దేశం రెండుసార్లు డబ్బు కడుతోంది. ఆ సంస్థ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె, నెయ్యి కలిపి చాలు. అంటే ఏడాదికి పది కిలోలకు కాస్త తక్కువ. మన దేశంలో వాడకం తలకు ఏడాదికి 19.7 కిలోలకు చేరిందని నీతి ఆయోగ్ 2024లో లెక్క చెప్పింది. ఇంట్లో పోపు, హోటల్లో పూరీ, మిఠాయి దుకాణం జంతికలు అన్నీ కలిపి అవసరానికి దాదాపు రెట్టింపు.

ఆ నూనె అంతా మన వేరుశనగ చేలల్లో పండుతుందా? లేదు. 2022–23లో మనం సుమారు 165 లక్షల టన్నుల వంటనూనె విదేశాల నుంచి తెచ్చుకున్నాం. వాడే నూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఇండొనేషియా, మలేషియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. 2022 ఫిబ్రవరిలో ఎక్కడో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే మన వీధి చివరి కిరాణాకొట్లో నూనె ప్యాకెట్టు ధర ఎగిరింది. ఆ ఏప్రిల్ చివర ఇండొనేషియా కొన్ని వారాలు పామాయిల్ ఎగుమతి ఆపితే మళ్ళీ కంగారు. విదేశాలకు డాలర్లు కట్టి నూనె తెచ్చుకుంటాం. అవసరానికి మించి తింటాం. ఆ తరువాత దాన్ని కరిగించుకోవడానికి మళ్ళీ డబ్బు కడతాం. ఇంతకన్నా నష్టం బేరం ఏ సంతలోనైనా ఉంటుందా?

అలాగని తప్పంతా తినేవాళ్ళ మీద వెయ్యడం నాకిష్టం లేదు. వంశపారంపర్యంగా లావు వచ్చేవారున్నారు. థైరాయిడ్ లోపం వల్ల, కొన్ని రకాల మందులవల్ల లావయ్యేవారున్నారు. రేషను కార్డుమీద బియ్యం చవగ్గా వస్తుంది, కూరగాయల సంచీ మాత్రం అలా నిండదు. కూలి చేసుకునే తల్లి కడుపు నింపే అన్నమే ఎక్కువ వండుతుంది. పిల్లలు ఆడుకునే ఖాళీ జాగాలో మేడలు లేచాయి. సాయంత్రం ఆడవాళ్ళు ఒక అరగంట నడుద్దామంటే కాలిబాట లేదు, ఉన్నచోట స్కూటర్లు నిలబెట్టి ఉంటాయి. ఇవన్నీ ఇల్లాలు ఒక్కతే దిద్దగలిగినవి కావు.

అందుకే కొన్ని ప్రభుత్వాలు రంగంలోకి దిగాయి. మెక్సికో 2014 జనవరి నుంచి తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. మొదటి ఏడాదిలోనే వాటి కొనుగోలు నూటికి ఆరు వంతుల దాకా తగ్గిందని పరిశోధకులు లెక్క తేల్చారు. జపానులో 2008 నుంచి 40 ఏళ్ళు దాటినవారికి ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలో నడుము కొలత చేర్చారు. కొలత ఎక్కువైనవారికి శిక్ష లేదు. వారికి సలహా చెప్పి దారిలో పెట్టే బాధ్యత ఆరోగ్య బీమా సంస్థలది. పన్ను మంచిదా, టేపు మంచిదా అని వాదించుకోవచ్చు. కాని ఆ రెండు దేశాలూ ఇది ఒకరి ఇంటి సంగతి మాత్రమే కాదని గుర్తించాయి. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చాయి. అవి ఎవరికి అవసరమో డాక్టరు చెప్పాలి. పక్కింటివాళ్ళు చెబితే కొనుక్కునేవి కావు.

ప్రభుత్వం చేసేది చేసేలోగా మన చేతిలో ఉన్నది చూసుకుందాం. నేను మా ఇంట్లో మొదలుపెట్టినవే చెబుతాను.

నూనె సీసా ఎత్తి మూకుడులో వంచడం మానేశాను. నెల మొదట్లో కొలిచి వేరే సీసాల్లో పోసి పెడతాను. నలుగురున్న ఇంటికి మనిషికి 27 గ్రాముల చొప్పున నెలకు సుమారు మూడున్నర లీటర్లు చాలు. నెయ్యి కూడా ఈ లెక్కలోనిదే. మొదటి నెల ఇరవయ్యో తారీఖుకే సీసా ఖాళీ అయింది. మూడో నెలకు సరిపోయింది. వేపుడు వారానికి రెండు రోజులే. తక్కిన రోజుల్లో కూర ఉడికించి పోపు పెడతాను.

వడ్డనలో వరస మార్చాను. ముందు కూర, పప్పు ఎక్కువగా వేసి తరువాత అన్నం వడ్డిస్తాను. మారు అడిగితే ముందు కూర గిన్నె చూపిస్తాను. పెద్దలకు రోజుకు 250 గ్రాముల ధాన్యం చాలంటారు. ఇడ్లీ రవ్వ, చపాతీ పిండి, అన్నం బియ్యం అన్నీ కలిపి అంతే. కూరగాయలు 400 గ్రాములు ఉండాలంటారు. మన కంచంలో ఇది తలకిందులుగా ఉంటుంది. ఒక్కరోజులో తిరగబడదు. కాస్త కాస్త జరుపుతూ పోవాలి. షుగరు మందులు వాడేవారు మాత్రం డాక్టరు నడగకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు.

చివరిది, ఖర్చులేనిది: పలకరింపు. ఇంటికి వచ్చిన పిల్లను చూసి "చిక్కిపోయావే" అనీ, అల్లుడిని చూసి "ఒళ్ళు చేశారు, సంతోషం" అనీ అనడం మానేశాను. "లావయిపోయావేమే" అని అసలే అనను. ఆ మాట విన్న పిల్ల గదిలోకి వెళ్ళి ఏడుస్తుందే గాని సన్నబడదు. ఎవరినైనా చూడగానే ఒంటిమీదకు పోయే చూపును ముఖం మీదికి తిప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మా తమ్ముడు ఇప్పుడు షాపు తెరుస్తున్నాడు. ప్రత్యేకంగా కుట్టించిన చెప్పులు వేసుకుంటాడు. రోజూ రాత్రి మా మరదలు వాడి పాదాలు దీపం దగ్గర పెట్టి చూస్తుంది, ఎక్కడైనా గీత పడిందేమోనని. గొలుసు విడిపించుకున్నారు. మా మేనకోడలు డిగ్రీ పూర్తిచేసి షాపు లెక్కలు చూస్తోంది. విశాఖపట్నం మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసె ఒక్కటి తీసుకుని, సగం విరిచి నా చేతిలో పెట్టి, "నెయ్యి వద్దులే అక్కా" అన్నాడు. చెంచా గిన్నెలోనే ఉంచేశాను.

నెల్లూరు సోదరికి నా మనవి ఒక్కటే. ఈ నెల మీ ఇంట్లో ఎంత నూనె ఖర్చయిందో, ఎంతమంది తిన్నారో లెక్క వేసి నాకు రాయండి. ఈ శీర్షిక చదివేవారందరూ రాయవచ్చు. దేశం లెక్క తరువాత, ముందు మన ఇళ్ళ లెక్క చూసుకుందాం.